వేట నిషేధంలో నాజిల్ పని: సొంతంగా విప్పుకోవచ్చా?

కాకినాడ_ఫైబర్:
అందరికీ నమస్తే. ఏప్రిల్ 15 నుంచి బోటు ఒడ్డునే ఉంది, జూన్ 14 దాకా ఎలాగూ ఖాళీయే కాబట్టి ఇంజిన్ పని పెట్టుకున్నాను. బోటు లోపలే బిగించిన రెండు సిలిండర్ల ఇన్‌బోర్డు, డైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం). పొద్దున్నే ఓ పట్టాన అందుకోదు. అందుకున్నాక కాసేపు తెల్లపొగ, లోడు పడితే నల్లపొగ. వెనక సిలిండర్ టకటకా కొట్టుకుంటోంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, నాజిళ్లకు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మొనలకు) వెళ్లే పైపు నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి చూశాను. ముందుది వదిలితే ఇంజిన్ పడిపోతోంది, వెనకది వదిలితే కొట్టుకోవడం ఆగింది గానీ స్పీడు పెద్దగా తగ్గలేదు. అంటే దొంగ వెనకదే.

నాకు కావాల్సినవి: నాజిల్‌ని పట్టుకుని ఉండే హోల్డరు హెడ్డులో బిగుసుకుపోయింది, ఎలా లాగాలి? నాజిల్ కడిగితే చాలా, కొత్తది వేయాలా? నాజిల్ తెరుచుకునే ప్రెషర్ ఎంత పెట్టాలి? హోల్డరు కింద వేసే రాగి వాషర్లు పాతవే వాడొచ్చా? కాకినాడ చుట్టుపక్కల నాజిల్ ప్రెషర్ చూసే చేతి టెస్టర్ ఎవరి దగ్గరైనా ఉందా?

గిలకలదిండి_బాబాయ్:
షాపుకిస్తే మాత్రం పక్కన కూర్చుని చేయించుకో తమ్ముడూ. పోయినేడు మా నాజిళ్లు ఒకచోట ఇస్తే నాలుగూ విప్పేసి ఒకే పళ్లెంలో డీజిల్ పోసి కడిగేశాడు. నాజిల్ బాడీ లోపల ఆడే సూది లాంటి నీడిల్ ఉంటుంది కదా, ఏ నీడిల్ ఏ బాడీదో వాడికే తెలీదు. ఆ రెండూ జతగా లాపింగ్ చేసి (ఒకదానికొకటి సరిపోయేలా అరగదీసి) వస్తాయి, మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు). తారుమారు చేస్తే ఒకటి పట్టేస్తుంది, ఇంకోటి కారుతుంది. మాకు రెండూ జరిగాయి. అడిగితే 'మీ డీజిలే మంచిది కాదు' అన్నాడు. డబ్బులు మాత్రం పూర్తిగా పుచ్చుకున్నాడు.

పంపు_గురువు:
పంపులు, నాజిళ్లు చేసే మైకో కంపెనీని బాష్ అని పేరు మార్చింది 2008లో. అంతకు చాలా ముందు నుంచీ నేను ఈ టెస్టింగ్ బల్ల దగ్గరే ఉన్నాను, కాబట్టి కాస్త వినండి. నాజిల్ ఎవడైనా విప్పుతాడు. టెస్టర్ మీద చూడకుండా తిరిగి బిగించేవాడు విప్పకపోయినా ఒకటే.

టెస్టర్ హ్యాండిల్ నెమ్మదిగా నొక్కుతుంటే గేజీ ముల్లు లేస్తుంది. సెట్టింగు దగ్గరికి రాగానే నాజిల్ కిర్ర్‌మని అరవాలి, డీజిల్ పొగలా చిమ్మాలి. నాలుగు రంధ్రాలుంటే నాలుగు జల్లులూ ఒకే తీరున ఉండాలి. ఒకటి సన్నటి గీత కొట్టినట్టు వచ్చిందంటే ఆ రంధ్రం దగ్గర మసి కట్టినట్టు. ఆ తర్వాత ఓపెనింగ్ ప్రెషర్‌కి ఓ 20 బార్ తక్కువలో ఆపి, పది సెకన్లు మొనని చూడండి. తడిగా ఉంటే సరే. చుక్క కట్టి రాలితే నీడిల్ కూర్చునే సీటు పోయింది. ఇంట్లో కూర్చుని దాన్ని బాగుచేయలేరు, కొత్త నాజిల్ వేసుకోవాల్సిందే.

టెస్టర్ లేనివాళ్లకు ఒక్క పరీక్ష ఉంది. నీడిల్‌నీ బాడీనీ శుభ్రమైన డీజిల్‌లో ముంచి, బాడీని ఏటవాలుగా పట్టుకుని, నీడిల్‌ని మూడో వంతు పైకి లాగి వదలండి. తన బరువుకే మెల్లగా దిగాలి. తిప్పి మళ్లీ చూడండి. ఎక్కడైనా ఆగితే అరిగిందో, వేడికి వంగిందో. మొన వేడికి నీలం తిరిగి ఉంటే ఇంక ఆలోచించొద్దు, మార్చేయండి. మసి తీయడానికి ఇత్తడి బ్రష్ వాడాలి, ఇనపది ముట్టుకోవద్దు. రంధ్రాలకు నాజిల్ క్లీనింగ్ వైరు దొరుకుతుంది, గుండుసూది పెట్టేవాళ్లని చూశాను, వాళ్లకో దండం.

పంటు_రేవు:
గోదావరి మీద జనాన్ని, బండ్లని దాటించే పంటు నడుపుతాం, మాకు రెండు నెలల సెలవులేమీ లేవు. వాషర్ల కోసం బజారుకు పరిగెత్తక్కర్లేదు. గ్యాస్ స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే పాత రాగి వాషర్ కొత్తదే. మా నాన్న అలాగే చేసేవాడు, నేనూ అంతే.

ఓడ_ఇంజినీర్:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. వేడి చేసి నీళ్లలో ముంచితే లోహం గట్టిపడుతుంది, దాన్ని క్వెంచింగ్ అంటారు. గట్టి వాషర్ సీటు మీద కూర్చోదు, కంప్రెషన్ లీకవుతుంది, నాజిల్ కాలిపోతుంది. మా షిప్పులో మెయిన్ ఇంజిన్ ఇంజెక్టర్లు 300 బార్ పైన తెరుచుకుంటాయి. ప్రతి ఓవర్‌హాల్‌కీ సీలింగు రింగులన్నీ కొత్తవే. వాడినది మళ్లీ వాడితే చీఫ్ మమ్మల్ని సముద్రంలోకి తోస్తాడు.

పంటు_రేవు:
మీ షిప్పు సంగతి మాకెందుకండీ, మాది పంటు. ఇన్నేళ్లలో ఒక్క వాషరూ కారలేదు.

పంపు_గురువు:
ఇంజినీరు గారూ, గట్టిపడేది ఉక్కు. దాన్లో కార్బన్ ఉంటుంది కాబట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. రాగికి ఆ గుణం లేదు. నట్టు బిగింపుకి నలిగి నలిగి గట్టిపడ్డ రాగి, ఎర్రగా కాలగానే మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా గాలికి వదిలేసినా మెత్తగానే ఉంటుంది. ముంచితే పైన పట్టిన నల్లపొర ఊడుతుంది, అంతే లాభం.

ఓడ_ఇంజినీర్:
నేను ఎంఈవో (మెరైన్ ఇంజినీర్ ఆఫీసర్) క్లాస్ 2 సర్టిఫికెట్ పాసయ్యాను. లోహాల గురించి నాకు పాఠాలు అక్కర్లేదు.

పంపు_గురువు:
సర్టిఫికెట్ వాషర్‌కి చూపించండి, మెత్తబడుతుందేమో.

ఓడ_ఇంజినీర్:
ఇదేనా మీరు మాట్లాడే పద్ధతి? నేను సేఫ్టీ గురించి చెప్తుంటే వెటకారం. తయారీదారు మాన్యువల్‌లో కొత్తది వేయమని రాసి ఉంటుంది. అది తప్పా?

పూడిమడక:
మాన్యువల్ తప్పని ఎవరన్నారు సార్? వాషర్ గట్టిపడుతుందన్నారు చూడండి, తప్పు అక్కడ. ఇంట్లో ఓ రాగి తీగ కాల్చి నీళ్లలో ముంచి వంచి చూడండి, మీకే తెలుస్తుంది.

నిజాంపట్నం_హార్బర్:
వాషర్ కొత్తదా పాతదా అన్నది తర్వాత. దాని మందం ఎంతో ఎవరూ అడగరేం? నాజిల్ మొన హెడ్డులోంచి కిందకు ఎంత దిగాలో ఆ మందమే తేలుస్తుంది. మందంది వేస్తే జల్లు పిస్టన్ గిన్నెలో పడాల్సింది గిన్నె అంచు మీద పడుతుంది, నల్లపొగ అక్కడి నుంచే. పైగా పాతది హోల్డరుతో పాటు రాకుండా హెడ్డు బొక్కలోనే అతుక్కుని ఉండిపోతుంది. పైనుంచి చూస్తే మసిలో కనపడదు. దాని మీద ఇంకోటి వేసి బిగించేస్తారు. లైటు పెట్టి, వంచిన తీగతో అడుగు గీకి చూసుకోవాలి. కొన్ని ఇంజిన్లలో అక్కడ రాగి వాషరే ఉండదు, స్టీలుదో, అల్యూమినియందో ఉంటుంది. వాటిని కాల్చొద్దు.

గిలకలదిండి_బాబాయ్:
నిజమే. కానీ అసలు జబ్బు డీజిల్‌లోనే ఉందయ్యా. రాయితీ డీజిల్ డ్రమ్ములో పట్టి ఎండలో పెడతారు, రాత్రి చల్లబడితే లోపల చెమ్మ దిగుతుంది, సముద్రం మీద మూత తీస్తే ఉప్పునీటి తుంపర పడుతుంది. ఆ నీళ్లు నాజిల్ దాకా వెళ్లాయంటే నీడిల్ తుప్పు పడుతుంది. డ్రమ్ము రాత్రంతా కదపకుండా ఉంచి, పైనుంచి తోడుకోవాలి. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు వదిలేయాలి.

పూడిమడక:
లీటరుకి రాయితీ వస్తుందని అడుగు దాకా పీల్చేస్తారు బాబాయ్, వదిలేవాడెవడు? నాజిల్ ఖరీదు అప్పుడు గుర్తుకు రాదు.

బంకు_అనుభవం:
2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 డీజిల్ వచ్చింది కదా, గంధకం 10 పీపీఎంకి దింపేశారు. జిడ్డు పోయింది. అందుకే పంపులు, నాజిళ్లు తొందరగా అరుగుతున్నాయి. నేను ట్యాంకుకి కాస్త 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపేది) కలుపుతున్నాను, ఇంజిన్ మెత్తగా తిరుగుతోంది.

పంపు_గురువు:
గంధకం తీసేటప్పుడు జిడ్డు తగ్గేది నిజమే, అందుకే రిఫైనరీలోనే జిడ్డు కోసం మందు కలిపి పంపుతారు. దానికి ప్రమాణం కూడా ఉంది, పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. నా బల్ల మీదకు అరిగి వచ్చే నాజిళ్లు ఎక్కువగా నీళ్ల వల్లో, కిరోసిన్ కల్తీ వల్లో పోయినవి. 2టీ ఆయిల్ ఎక్కువైతే మొనకు మసి.

బంకు_అనుభవం:
మీ బల్ల మీదకు వచ్చేవే లోకమా? నా ఇంజిన్ నాకు తెలుసు.

నిజాంపట్నం_హార్బర్:
2టీ గొడవకి వేరే చర్చ పెట్టుకోండి అన్నా, ఇప్పటికే ఇక్కడ ఒక యుద్ధం నడుస్తోంది.

కాకినాడ_ఫైబర్:
అందరికీ థాంక్స్. కానీ హోల్డరు ఎలా తీయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. బిగుసుకుని ఉంది, తిప్పితే కదలట్లేదు.

పూడిమడక:
క్లాంపు తీసేసి సెల్ఫు కొట్టు తమ్ముడూ. కంప్రెషనే బయటికి తోసేస్తుంది.

ఓడ_ఇంజినీర్:
ఆ పని చేయొద్దు. బుల్లెట్ లాగా వచ్చి మొహానికి తగిలితే ఏమవుతుంది? దీన్ని కూడా వెటకారం చేస్తారా?

పంపు_గురువు:
చేయను. ఈ మాటలో ఆయన చెప్పిందే నూటికి నూరు పాళ్లు రైటు. ఇంజిన్‌ని కాస్త వేడెక్కించి, ఆపి, చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయ్. రిటర్న్ పైపు తీశాక, హోల్డరుకి స్పానర్ పట్టే చోటుంటే అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ వదిలించు. తర్వాత పైపు మర మీద స్లైడ్ హ్యామర్ (బరువు జార్చి కొట్టి లాగేది) తగిలించి లాగు. సైడునుంచి స్క్రూడ్రైవర్ పెట్టి మీటితే హెడ్డు సీటు పోతుంది. తీసిన వెంటనే బొక్కలో శుభ్రమైన గుడ్డ పెట్టు, లేకపోతే మసి పెళ్లలు పిస్టన్ మీద పడతాయి.

పంటు_రేవు:
ఆ టెస్టర్ దగ్గర ఒక మాట. జల్లు చేతికి తగిలేలా ఎవరూ నిలబడకండి. మా రేవులో ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి పట్టుకు చూశాడు. చర్మం మీద చీమ కుట్టినంత మచ్చ, రక్తం కూడా రాలేదు. సాయంత్రానికి వేలు ఉబ్బి నల్లబడింది. డీజిల్ లోపలికి వెళ్లిపోతుందట. చిన్న గాయమే కదా అని ఇంట్లో ఉండిపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

ఓడ_ఇంజినీర్:
ఇది చాలా ముఖ్యమైన మాట. కళ్లజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోకండి.

అడ్మిన్:
వాషర్ గొడవ ఇంతటితో ఆపండి. సర్టిఫికెట్ల గురించి ఇకపై పెట్టే పోస్టులు తీసేస్తాను.

నిజాంపట్నం_హార్బర్:
ప్రెషర్ గురించి కూడా చెప్పేద్దాం. డైరెక్ట్ ఇంజెక్షన్ చిన్న ఇంజిన్లలో మామూలుగా 175 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది, డీజిల్ ముందు చిన్న గదిలో మండే ప్రీ చాంబర్ ఇంజిన్లలో పింటిల్ నాజిల్ (ఒకే రంధ్రం ఉండేది) అయితే 120, 150. కిర్లోస్కర్ సింగిల్ సిలిండర్లకి 200 దగ్గర పెడతారు. నీ ఇంజిన్ పుస్తకంలో ఏముందో అదే ఖాయం. హోల్డరులో స్ప్రింగు పాతబడితే ఆ ప్రెషర్ పడిపోతుంది, స్ప్రింగు దగ్గర ఉండే పలుచటి బిళ్ల, షిమ్ము మార్చాలి. 0.1 మిల్లీమీటరుకి ఓ 10 బార్ అటూ ఇటూ మారుతుంది. రెండు సిలిండర్లూ ఒకే లెక్కలో ఉండాలి, ఒకదానికి 200, ఇంకోదానికి 180 అయితే ఇంజిన్ కుంటుతుంది.

గిలకలదిండి_బాబాయ్:
తమ్ముడూ, లోడు మీద నల్లపొగ అన్నావు కదా. ఫ్యాన్ (నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్) ఏమైనా మార్చావా?

కాకినాడ_ఫైబర్:
పోయిన సీజన్‌లో మార్చాం బాబాయ్. పిచ్ (ఒక్క చుట్టుకి బోటుని ముందుకు తోసే దూరం) కాస్త ఎక్కువది. స్పీడు వస్తుందన్నారు.

గిలకలదిండి_బాబాయ్:
ఇదిగో చూశారా! ఇంజిన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేకపోతుంటే నల్లపొగ రాక ఏమవుతుంది? ఎన్ని నాజిళ్లు మార్చినా ఆ పొగ పోదు. ఫుల్ థ్రాటిల్‌లో పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎం వస్తోందో లేదో ముందు అది చూసుకో.

పంపు_గురువు:
ఫ్యాన్ సంగతి ఫ్యానుదే, తెల్లపొగా కొట్టుకోవడమూ మాత్రం నాజిల్‌వే. అన్నీ ఫ్యాన్ మీదకు తోయకండి.

కాకినాడ_ఫైబర్:
రెండూ బయటికి వచ్చాయి. నిజాంపట్నం అన్న చెప్పినట్టే వెనక బొక్కలో అడుగున ఇంకో వాషర్ ఉంది, దాని మీద ఇంకోటి కూర్చోబెట్టారు. మసితో కలిసిపోయింది, లైటు లేకపోతే కనపడేది కాదు. నీడిల్ మొన నీలం తిరిగింది. ముందుదాని నీడిల్ బాగానే దిగింది, రంధ్రాల దగ్గర మసి మాత్రమే. వెనకదానికి కొత్త నాజిల్ తెప్పిస్తున్నాను. ముందుదీ టెస్టర్ మీద చూశాక వేస్తాను, వాషర్లు రెండూ కొత్తవే.

పంటు_రేవు:
పాతవి పారేయకు, నాకు పంపు. కాల్చి వాడుకుంటా.

పూడిమడక:
బిగించాక గాలి తీయడం మర్చిపోకు. ఫిల్టర్ దగ్గర నుంచి మొదలుపెట్టి, బుడగలు లేకుండా వచ్చాక పంపు దగ్గర, ఆఖరున నాజిల్ పైపులు. పైపు నట్లు ఇంజిన్ తిప్పుతూ వదులు చేయాలి, అప్పుడే గాలి దిగుతుంది.

బంకు_అనుభవం:
కొత్త నాజిల్ పెట్టేముందు ట్యాంకులో కాస్త 2టీ వేయండి.

పంపు_గురువు:
మళ్లీ మొదలుపెట్టాడు.

నిజాంపట్నం_హార్బర్:
మా పాత లేలాండ్ ఇంజిన్‌కి గేర్‌బాక్స్ వెనక ఆయిల్ సీలు కావాలి. విశాఖ హార్బర్ దగ్గర దొరుకుతుందా, చెన్నై నుంచి తెప్పించుకోవాలా? ఎవరైనా ఈ మధ్య తెచ్చుకుని ఉంటే చెప్పండి.