అప్‌డేట్: బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు నుంచి సిటీకి ట్యాక్సీనా, రైలా?

ఇద్దరం, రెండు సూట్‌కేసులు, సాయంత్రం దిగుతాం, ట్యాక్సీ మంచిదా రైలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. రైలే సరైన సలహా.

ముందుగా టికెట్‌లో ఏ ఎయిర్‌పోర్టు ఉందో, సువర్ణభూమా, డాన్ మువాంగా, చూసుకోండి. రెండూ ఊరికి చెరో వైపు. సువర్ణభూమిలో అయితే బేస్‌మెంట్‌కి దిగితే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్. చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి అరగంట లోపే, 45 బాత్. అక్కడ బీటీఎస్‌కి (పిల్లర్ల మీద నడిచే సిటీ రైలు) మారొచ్చు. ఎంఆర్‌టీ (సిటీ మెట్రో) కావాలంటే ముందే మక్కాసాన్‌లో దిగి ఫెచ్చబురి స్టేషన్‌కి నడవాలి. అర్ధరాత్రి దాటి దిగేవాళ్ళకి మాత్రం ట్యాక్సీయే దిక్కు: మీటర్‌పైన 50 బాత్ ఎయిర్‌పోర్టు ఛార్జీ, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ అదనం. మీటర్ వేయనంటే ఎక్కకండి.

కొత్తవాళ్ళు తికమకపడేది టికెట్ల దగ్గరే. బీటీఎస్, ఎంఆర్‌టీ వేర్వేరు సంస్థలవి. ఎంఆర్‌టీ గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేస్తాయి. బీటీఎస్‌కి వేరే కార్డు ఉంది, ర్యాబిట్ కార్డ్ అని, డబ్బు వేసుకుని వాడేది. ఒకదాని టోకెన్ రెండోదాని గేటు తెరవదు.

గ్రాండ్ ప్యాలెస్‌కి (పాత రాజభవనం) ట్రాఫిక్‌లో రోడ్డు మీద పోవడం కంటే సఫాన్ తక్సిన్‌లో బీటీఎస్ దిగి, సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కడం ఎంతో హాయి. దిగాల్సింది థా చాంగ్ రేవులో. ప్యాలెస్ మధ్యాహ్నం మూడున్నరకే టికెట్లు ఆపేస్తుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.