పొర ఉప్పుని పోనివ్వదంటారు, మరి మాగాయ ముక్క లోపలిదాకా ఉప్పగా ఎందుకుంది?

జాడీఅమ్మ:
మొన్న మాగాయ వేశాను. రెండు కిలోల ముక్కలకి అర కిలో కల్లుప్పు, చారెడు పసుపు. రాత్రికే ముక్కలు సగం మునిగేంత ఊట వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా వాడు మూత తీసి చూసి "అమ్మా, ఇది ద్రవాభిసరణం" అన్నాడు. కణం చుట్టూ ఉండే పొర నీళ్ళని పోనిస్తుందట, ఉప్పుని ఆపేస్తుందట. సరే అనుకున్నా.

ఇవాళ ముక్కలు పిండి ఎండలో వేస్తుంటే ఒకటి కొరికి "మధ్యలో కూడా ఉప్పగానే ఉందేంటి?" అన్నాడు. పుస్తకంలో వెతికాడు, లేదు. బళ్ళో అడిగితే "పరీక్షలో రాదు" అన్నారట. నేను బీకాం. ఎవరైనా చెప్పండి.

వెనకబెంచి:
ముక్కకి పైన అంటుకున్న ఉప్పేనండి. కడిగి తినమనండి.

జాడీఅమ్మ:
కడిగే తిన్నాడు బాబూ.

బోటనీ మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి రియో అనే ఊదారంగు తోటమొక్క ఆకు పొర ఒలిచి, ఉప్పునీళ్ళు వేసి, మైక్రోస్కోపు కింద చూపించాను. ఈ మాట ఒక్కడూ అడగలేదు.

పుస్తకం చెప్పేది బతికున్న కణం సంగతి. మీ జాడీలో మూడోరోజుకి బతికున్న కణాలు మిగలవు.

మొదటి కొన్ని గంటలూ మీ వాడన్నదే జరుగుతుంది. మామిడి కణానికి బయట సెల్యులోజ్ కణకవచం, దాని లోపల ప్లాస్మాపొర. కవచం జల్లెడ, ఉప్పునీ నీళ్ళనీ రెంటినీ వదిలేస్తుంది. పొర అలా కాదు, కొవ్వుతో అల్లినది. ఉప్పు కరిగితే సోడియం, క్లోరైడ్ అయాన్లవుతుంది. విద్యుదావేశం ఉన్నవాటికి ఆ కొవ్వులో దారి దొరకదు. నీళ్ళకైతే ఆక్వాపోరిన్లనే సన్నటి ప్రోటీన్ గొట్టాలు కూడా ఉన్నాయి. (మేం చదువుకున్నప్పుడు వీటి ఊసే లేదు. పీటర్ ఆగ్రేకి వీటి మీదే 2003లో నోబెల్ వచ్చింది.) అలా నీళ్ళు పోయి, పొర ముడుచుకుపోయి, కవచాన్ని వదిలేస్తుంది. ఆ ఖాళీలోకి ఉప్పునీరు చేరుతుంది. అంటే మొదటి రోజే ముక్కలో ఉప్పుంది, కాకపోతే కవచానికీ పొరకీ మధ్య సందులో.

అప్పుడే తీసి మంచినీళ్ళలో వేస్తే రియో కణం మళ్ళీ ఉబ్బుతుంది. ఉప్పులోనే వదిలేస్తే చచ్చిపోతుంది. చచ్చిన పొర దేన్నీ ఆపలేదు. ఆ తర్వాత ఉప్పు మామూలు విసరణతో, అంటే ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, లోపలికి నడుస్తుంది.

సాక్ష్యం మీ నాలుకే. మామిడి పులుపు చాలావరకు కణం లోపలి రిక్తికలో, అంటే రసం నిలవుండే సంచిలో, ఇంకో పొర వెనక ఉంటుంది. నీళ్ళొక్కటే బయటికొస్తే ఊట ఉప్పగా ఉండాలి గానీ అంత పుల్లగా ఎందుకుంటుంది? కోసినప్పుడు తెగిన కణాల పులుపు కొంత ఉంటుందనుకోండి. మొదటి రోజు ఊటా మూడోరోజు ఊటా రుచి చూసి తేడా చెప్పండి.

బాబు చేత బీట్‌రూట్ కోయించండి, దాని ఎరుపూ అలా పొర వెనకే ఉంటుంది. ముక్కలు బాగా కడిగి ఒకటి చన్నీళ్ళలో, ఒకటి మరిగే నీళ్ళలో వేయమనండి.

డ్యూటీ సిస్టర్:
మాస్టారూ, ఉప్పు పొర దాటదంటే మేం ఓఆర్‌ఎస్ తాగించి ఏం లాభం? పేగు కణాలు బతికున్నవేగా!

బోటనీ మాస్టారు:
దొరికిపోయాను. దాటదు అనకూడదు, తనంతట తాను దాటలేదు అనాలి. పేగు కణాల పొరలో ఒక ప్రోటీన్ ఉంది, అది ఒక గ్లూకోజుతో పాటు రెండు సోడియం అయాన్లని లోపలికి లాగుతుంది. వాటి వెనకే నీళ్ళు. మీ లీటరు పొట్లంలో 2.6 గ్రాముల ఉప్పు పక్కన 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేది రుచికోసం కాదు. లోపలికొచ్చిన సోడియాన్ని అవతలివైపు రక్తంలోకి తోసే పంపు వేరే ఉంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియంలు బయటికి నెట్టి రెండు పొటాషియంలు లోపలికి తెస్తుంది. మాగాయ ముక్కలో ఆ ఖర్చు పెట్టేవాళ్ళు లేరు.

జాడీఅమ్మ:
చేశాం. చన్నీళ్ళలో లేత గులాబీ, వేడినీళ్ళలో గిన్నె ఎర్రగా అయిపోయింది. మా వాడు చెప్పకుండా ఇంకో ముక్క నా ఊటలో ఒక గరిటెడు తీసుకుని అందులో వేశాడు. గంటకి పెద్దగా ఏం లేదు, తెల్లారేసరికి అదీ ఎర్రబడింది. "రాత్రి చచ్చిందమ్మా" అన్నాడు.

మొదటి రోజు ఊట విడిగా తీయలేదండి, ఆవకాయకి చూసి చెప్తా. మబ్బు పట్టింది, మేడమీద ముక్కలున్నాయి.