ఫిట్ కిట్‌లో సి గీతే రావడం లేదు

నాన్నగారికి 58 ఏళ్లు, లక్షణాలేం లేవు. పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు పరీక్షకని విజయవాడలో మందుల షాపులో మలంలో రక్తం కనిపెట్టే ఫిట్ కిట్లు రెండు కొన్నాం. పరీక్ష సరిగ్గా జరిగిందని చూపే సి (కంట్రోల్) గీత రెండిట్లోనూ రాలేదు, అంటే రెండూ చెల్లలేదు.

మొదటిసారి పుల్లకు మలం ఎక్కువ అంటి ద్రావణం చిక్కబడింది, పట్టీ మీద పాకనేలేదు. అది మా తప్పే. రెండోసారి నీళ్లు తగలకుండా కాగితం మీద పట్టి, ఆరు చోట్ల గుచ్చి, గాడుల్లో నిండినంతే ఉంచి, బాగా కుదిపి 3 చుక్కలు వేశాం. ద్రవం చివరిదాకా పాకింది, 10 నిమిషాలైనా గీతలు కనబడాల్సిన కిటికీ తెల్లగానే ఉంది. గడువు ఇంకా ఏడాదుంది. డబ్బా మీద 2–30 డిగ్రీలని రాసుంది, షాపులో ఏసీ లేదు, ఇది మే నెల. నమూనాలో హిమోగ్లోబిన్ పాడైనా సి గీత రావాలి, కాబట్టి పట్టీ ఉండే ప్లాస్టిక్ క్యాసెట్టే ఎండకు పోయిందని అనుమానం.

మలంలో రక్తాన్ని రసాయనంతో రంగు మార్పు చూసి కనిపెట్టే గ్వాయాక్ పద్ధతి వద్దు, మాంసాహారంతోనూ పాజిటివ్ రావచ్చు. విజయవాడ, గుంటూరుల్లో ఫిట్ పద్ధతిలోనే పరీక్ష చేసే ల్యాబ్ ఎక్కడుంది?