ఇంగ్లీషు క్రిస్మస్ టీవీ సినిమాని చర్చి ఆవరణలో చూపించడం ఎలా?

కావలి_యూత్:
అందరికీ వందనాలు. కావలి దగ్గర పల్లెలో 24 సాయంత్రం చర్చి ఆవరణలో దయ, విశ్వాసం గురించిన ఇంగ్లీషు టీవీ సినిమా ఒకటి వేద్దామనుకుంటున్నాం. వచ్చేది 150 మంది. సగం పిల్లలే, చదువురాని పెద్దవాళ్లూ ఉంటారు. తెలుగు డబ్బింగ్ లేదు. సబ్‌టైటిల్స్ వేయాలా, మైకులో చెప్పాలా? తెర, ప్రొజెక్టరు ఎంతవి కావాలి?

సండేస్కూల్_టీచర్:
మైకులోనే చెప్పండి. కింద అక్షరాలు చదివేలోపు పైన ముఖంలో భావం దాటిపోతుంది, ఈ సినిమాల్లో అసలు కథంతా ముఖాల్లోనే ఉంటుంది. అలాగని ప్రతి డైలాగుకీ తెలుగు చెప్పకండి, రెండు గొంతులూ కలిసిపోయి ఏదీ వినపడదు.

టీవీ సినిమాలతో ఒక సౌకర్యం ఉంది. మధ్యలో ప్రకటనలు పడాలి కాబట్టి రెండు గంటల స్లాటుకి 85-90 నిమిషాల కథే తీస్తారు. ప్రకటన రావాల్సిన చోట తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. సరిగ్గా అక్కడ ఆపి, అయిదారు వాక్యాల్లో జరిగింది చెప్పండి. ముందే రెండుసార్లు చూసి ఆ చోట్ల నిమిషం, సెకను కాగితం మీద రాసుకోవాలి. రిమోటు ఒకరి చేతిలో, మైకు ఇంకొకరి చేతిలో ఉండాలి. ఇద్దరి పనీ ఒకరే చేస్తే తడబాటే. ప్రార్థన చేసే దృశ్యంలో మాత్రం మైకు ఆపేయండి. మోకరించిన మనిషిని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంకొకటి మొదట్లోనే చెప్పాలి. సినిమాలో వీధి పక్కన ఎర్ర కెటిల్ (చందా వేసే కుండ) దగ్గర గంట కొడుతూ ఒకతను కనిపిస్తే మన పిల్లలు ఏదో అమ్ముతున్నాడనుకుంటారు. అది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థవాళ్లు పేదల కోసం చందా పోగుచేయడం. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది.

టెంట్‌హౌస్_సౌండ్:
12 అడుగుల వెడల్పు తెర సరిపోద్ది, ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు వస్తది. పిల్లలు చాపల మీద కూర్చున్నా వెనకోళ్లకి కనపడాలంటే కింది అంచు నేలకి నాలుగడుగుల పైన ఉండాల. ప్రొజెక్టరు అద్దెకి తెచ్చేటప్పుడు డబ్బా మీద వెలుతురు అంకె నమ్మొద్దు, ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుతురు) ఎన్నో అడగండి. 3,000 కావాల. త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న లెక్క) 1.5 అయితే తెరకి 18 అడుగుల దూరంలో పెట్టాల.

మన వైపు సముద్రపు గాలి. పైన మాత్రమే కడితే తెర ఉబ్బి బొమ్మ వంకర్లు పోద్ది. మెరుపు లేని తెల్ల ఫ్లెక్సీకి నాలుగు పక్కలా రెండడుగులకొక రింగు కొట్టించి, ఇనప పైపుల చట్రానికి లాగి కట్టండి. తెల్ల సున్నం కొట్టిన గోడ ఉంటే తెరే అక్కర్లేదు.

పొద్దు 5:45 దాటాక కుంకినా 6:30కి ముందు మొదలుపెట్టొద్దు, బొమ్మ వెలిసిపోయినట్టుంటది. మంచుకి లెన్సు మీద చెమ్మ పడతది. అందుకే ప్రొజెక్టరు షామియానా కింద పెట్టి అరగంట ముందే ఆన్ చేయండి, లెన్సు వేడెక్కి చెమ్మ నిలవదు. స్పీకర్లు తెరకి రెండు పక్కలా, వైరుతోనే. బ్లూటూత్ పెడితే పెదాలకీ మాటకీ పొంతన తప్పుద్ది. అయిపోయాక ఫ్యాను ఆగేదాకా ప్లగ్గు పీకొద్దు, ల్యాంపు పోద్ది.

అనుమతుల_సంగతి:
ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మతసంస్థల కోసం ఔత్సాహికులు వేసే నాటకాలకీ పాటలకీ మినహాయింపు ఉంది గానీ, అందులో సినిమా లేదు. హక్కుదారుకి నవంబరులోనే రాయండి: తేదీ, ఊరు, ఎంతమంది, టికెట్ లేదన్న మాట. జవాబు రాకపోతే ఆ సినిమా వదిలేసి పిల్లలతో నాటిక వేయించండి. మైకుకి పోలీసుల అనుమతి కావాలి, రాత్రి 10 తర్వాత బయట స్పీకరు పెట్టకూడదు. 6:30కి మొదలైతే విరామాలతో కలిపి 8:30కి అయిపోతుంది.

కావలి_యూత్:
గోడ ఉంది, కానీ లేత నీలం. పనికొస్తుందా? వానొస్తే?

టెంట్‌హౌస్_సౌండ్:
నీలం వద్దు, ముఖాలు పాలిపోయి కనపడతాయి. రెండు కోట్లు తెల్ల సున్నం కొట్టండి, లేదా ఫ్లెక్సీనే. డిసెంబరులో మన జిల్లాకి వాన మామూలే, అందుకని చర్చి లోపల 8 అడుగుల తెరకి చోటు చూసి పెట్టుకోండి. ప్రొజెక్టరు 12 అడుగుల దూరంలో స్టూలు మీద పెట్టి, 23 రాత్రే ఒకసారి వేసి చూడండి.