మంచానికే పరిమితమైన తమ్ముడి పింఛను మార్పు, సంరక్షకుల భత్యం గురించి తెలిసినవారు చెప్పగలరు

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లె. కండరాల క్షీణత వ్యాధితో మా తమ్ముడు రెండేళ్లుగా మంచానికే పరిమితమయ్యాడు. రాత్రిళ్లు రెండు గంటలకోసారి అమ్మ లేచి వాడిని పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. వాడిని చూసుకోవడం కోసమే ఆమె కుట్టుపని మానేసింది.

ఎన్టీఆర్ భరోసా కింద వాడికి దివ్యాంగుల పింఛను నెలకు రూ.6,000 అందుతోంది. తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తారు కనుక, ఆ వర్గంలోకి మార్చమని అర్జీ పెట్టాము. వైకల్యాన్ని వైద్యులు నిర్ధారించి ఇచ్చే సదరం ధ్రువపత్రం పాతదని, మళ్లీ పరీక్షకు తీసుకురమ్మని అన్నారు. మెడ కూడా నిలపలేని మనిషిని ఆటోలో అంత దూరం ఎలా తీసుకువెళ్లాలో తెలియడం లేదు. వైద్యులు ఇంటికే వచ్చి చూసేలా ఎవరికి విన్నవించుకోవాలి?

మరొక సందేహం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్, అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావిస్తోంది. అమ్మ కష్టానికి ఆ మాత్రం గుర్తింపు దక్కాలని నా కోరిక. మన రాష్ట్రంలో పింఛను కాకుండా ఈ భత్యం విడిగా పొందినవారు ఎవరైనా ఉంటే, ఏ కార్యాలయంలో, ఏయే పత్రాలతో దరఖాస్తు చేశారో దయచేసి తెలియజేయగలరు.