అప్‌డేట్: వేడెక్కాక జారే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, కారణం దొరికింది

రావులపాలెం అరటి లోడు తోలే ఆటోమేటిక్ పికప్ వేడెక్కాక ఇంజిన్ అరుస్తుందే గానీ లాగట్లేదని అడిగాను కదా. గేర్‌బాక్స్‌లోకి నీళ్లు చేరాయి. డిప్‌స్టిక్ తీస్తే తేటగా, ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ రోజ్‌మిల్క్‌లా నురగ కట్టి ఉంది.

మొదట రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్‌నే అనుమానించాలి, అది చిల్లుపడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోతాయి. కూలెంట్ డబ్బాలో జిడ్డు లేదు, కూలర్‌కి గాలి పట్టి నీళ్లలో ముంచినా బుడగ రాలేదు. చివరికి బ్రీదర్ గొట్టం (గేర్‌బాక్స్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టం) క్లిప్ ఊడి కిందికి వేలాడుతూ కనిపించింది. వేడి గేర్‌బాక్స్ వరద నీళ్లలో దిగి చల్లబడితే ఆ గొట్టంలోంచే నీళ్లు పీల్చుకుంటుంది. లంకల వైపు తిరిగే బళ్లకి ఇది తప్పక చూడాల్సిన చోటు.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పాం. అందులోని అయస్కాంతం మీద సన్నని బూడిదరంగు పొడి మామూలే. క్లచ్ ప్లేట్ల లైనింగ్ పెచ్చులు కూడా ఉన్నాయి. నీళ్లు తగిలితే ఆ లైనింగ్ జిగురు వదిలేస్తుంది, అప్పుడు ఆయిల్ మార్చి సరిపెట్టలేం. ప్లేట్లు, సీళ్లు, ఫిల్టర్ కొత్తవి వేశాం. డ్రెయిన్ చేసినా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) చాలా ఆయిల్ మిగిలిపోతుంది కాబట్టి ఆ కన్వర్టర్‌నీ మార్చాం. బ్రీదర్‌ని బానెట్ ఎత్తుకి లాగి కట్టాం. ఇప్పుడు లోడు మీద కూడా జారట్లేదు.