కిలిమంజారో: ఆరు రోజుల మరంగు సరిపోతుందా, ఎనిమిది రోజుల లెమోషోకే వెళ్లాలా?

గోదారి గట్టు
జనవరి చివర నలుగురం టాంజానియాలోని కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నాం. ఇద్దరికి ముప్పైల్లో వయసు, ఇద్దరికి యాభై ఎనిమిది దాటింది. సెలవు మొత్తం కలిపి 12 రోజులు. మాలో మాకే తేలడం లేదు. ఒకరేమో మరంగు దారిలో మంచాలు, పైకప్పు ఉంటాయి, 5 రోజుల్లో అయిపోతుంది అంటున్నారు. ఇంకొకరేమో 7 రోజుల మచామే దారికి తక్కువైతే రానంటున్నారు. లెమోషో దారిలో 8 రోజులు అన్న మాట కూడా వచ్చింది. తెలిసినవాళ్లు కారణాలతో చెప్పండి. ఏజెన్సీలు చెప్పే "ఇంత శాతం మంది ఎక్కారు" లెక్కలు వద్దు, అవి ఎవరికి వారు రాసుకునేవే.

నల్లమల నడక
5 రోజుల మరంగుని లెక్కలోంచే తీసేయండి. కారణం రాత్రి పడుకునే ఎత్తు. మొదటి రాత్రి మందారా 2,720 మీటర్లు, రెండో రాత్రి హోరోంబో 3,720, మూడో రోజు మధ్యాహ్నానికి కిబో హట్ (పడుకునే గుడిసె) 4,720. ఆ రాత్రి పదకొండింటికల్లా లేపి శిఖరానికి నడిపిస్తారు, అది 5,895. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యుల సలహా. ఇక్కడ వరసగా రెండు రోజులు వెయ్యేసి మీటర్లు పెంచుతున్నాం. శిఖరం మీద ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో సగమే. ఒంట్లో సత్తువ ఉన్నా లేకపోయినా ఈ లెక్క మారదు. జిమ్‌లో గంటలు గంటలు పరిగెత్తే కుర్రాళ్లే వేగంగా నడిచి ముందుగా పడిపోతుంటారు.

మచామే 7 రోజుల్లో మూడో రోజు లావా టవర్ దాకా, అంటే 4,600 దాకా ఎక్కి, సాయంత్రానికి బర్రాంకో శిబిరానికి, దాదాపు 3,950కి దిగి పడుకుంటాం. పగలు ఎత్తు చూపించి రాత్రికి కిందికి దించడమే ఆ దారికున్న బలం.

భువనగిరి రాయి
నల్లమల గారూ, 5 రోజులది తీసేయమన్నారు, ఒప్పుకుంటా. కానీ మరంగునే తీసేస్తే ఒప్పుకోను. 6 రోజుల మరంగులో హోరోంబోలో రెండు రాత్రులుంటాం. మధ్య రోజు జీబ్రా రాక్స్ అనే బండల మీదుగా, పక్క శిఖరం మావెంజీ వైపు 4,000 పైదాకా వెళ్లి మళ్లీ 3,720కే దిగి పడుకుంటాం. మీరు చెప్పిన "పైకెళ్లి కిందికి" ఇక్కడా ఉంది.

ఇంకోటి, మచామేలో మొదటి రాత్రి 2,850 దగ్గర, రెండో రాత్రి షిరా శిబిరం 3,800 దగ్గర. అదీ 950 మీటర్ల గెంతే కదా? ఆ 500 సూత్రం అక్కడ ఎటు పోయింది?

పెద్దవాళ్ల సంగతి చూడండి. మచామే, లెమోషో రెండూ దిగేది మ్వెకా దారినే. శిఖరం ఎక్కిన రోజే 5,895 నుంచి మ్వెకా శిబిరం దాకా, 3,100 దాకా దిగాలి. 2,800 మీటర్ల దిగుడు, అదీ నిద్ర లేని ఒంటితో! మరంగులో ఆ రోజు 3,720 దగ్గర ఆగిపోతారు. అరవై దగ్గర పడిన మోకాళ్లకి ఆ 600 మీటర్ల తేడా చిన్నదేం కాదు. పైగా మచామేలో నాలుగో రోజు పొద్దున బర్రాంకో గోడ. దాదాపు 250 మీటర్లు, తాళ్లు అక్కర్లేదు గానీ చేతులతో పట్టుకుని ఎక్కే చోట్లు ఉంటాయి. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకి అది కష్టమే.

నల్లమల నడక
రెండో రాత్రి గెంతు నిజమే, కాదనను. అందుకే 8 రోజుల లెమోషో ఇంకా మేలంటాను. అందులో రాత్రులు ఇలా: 2,650, 3,500, 3,850, 3,950, 4,000, 4,670. మూడో రాత్రి నుంచి ఐదో రాత్రి దాకా ఒళ్లు దాదాపు ఒకే ఎత్తులో కుదురుకుంటుంది. మరంగు 6 రోజుల్లో 3,720 నుంచి ఒక్కసారిగా 4,720. మచామే, లెమోషోల్లో ఆఖరి గెంతు 670 మాత్రమే. శిఖరం రాత్రి తలనొప్పితో మొదలవుతుందా, తేలిక తలతో మొదలవుతుందా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతుంది.

మోకాళ్ల మాట ఒప్పుకున్నా. రెండు కర్రలు తప్పనిసరి. దిగేటప్పుడు వాటిని ఎక్కినప్పటికంటే ఓ పది సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి.

కృష్ణా తీరం
మన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే 2014లో ఎవరెస్ట్ ఎక్కింది. పెద్దవాళ్లం, 5,895కి ఇంత భయమెందుకో.

భువనగిరి రాయి
తమ్ముడూ, ఆ పిల్ల ముందు భువనగిరి కోట రాయి మీద, తర్వాత హిమాలయాల్లో నెలల తరబడి శిక్షణ తీసుకుంది. ఎవరెస్ట్ మీద కూడా ఎక్కుతూ దిగుతూ వారాలు గడిపాకే పైకి వెళ్లింది. ఐదు రోజుల్లో ఎక్కలేదు. ఆమె పేరు చెప్పి రోజులు తగ్గించడం ఆమె పడ్డ కష్టాన్ని తక్కువ చేయడమే.

డాక్టరమ్మ
రోజుల గొడవలో మందుల మాట ఎవరూ ఎత్తలేదు. కొన్ని విషయాలు గట్టిగా చెప్పాలి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్, ఎక్కడానికి ముందు రోజు నుంచి 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం. దిగడం మొదలయ్యాక ఆపేయొచ్చు. "అది లక్షణాల్ని కప్పిపెడుతుంది, ప్రమాదం" అని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. ఊపిరి వేగం పెంచి ఒళ్లు త్వరగా అలవాటు పడేలా చేస్తుంది తప్ప కప్పిపెట్టదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, ఒంటేలుకి ఎక్కువగా వెళ్లాల్సొస్తుంది, సోడా రుచి చప్పబడిపోతుంది. ఇవి మామూలే. సల్ఫా మందులకి తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు తమ డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. అందరూ ఇంటి దగ్గరే రెండు రోజులు వేసి చూసుకోండి. కొండ మీద మొదటిసారి వేయొద్దు.

అయితే ఈ మాత్ర ఉంది కదా అని రోజులు తగ్గించొద్దు.

తలనొప్పికి తోడు వాంతులో, విపరీతమైన నీరసమో, తల తిరుగుడో ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. ఈ పరీక్ష నేర్చుకోండి: నేల మీద గీత ఉన్నట్టు ఊహించుకుని, ఒక పాదం మడమని రెండో పాదం బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు వేయమనండి. తూలితే మెదడులో నీరు చేరుతోందని అనుమానించి, అర్ధరాత్రైనా సరే అప్పటికప్పుడు దించేయాలి, పొద్దున దాకా ఆగొద్దు. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. దానికీ దించడమే మందు. ఆక్సిజన్, మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్ దారిలో ఆసరా మాత్రమే.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ చల్లటి చేతి మీద తప్పు చూపిస్తుంది. ఐదు నిమిషాలు చంకలో పెట్టి వెచ్చబెట్టాక చూడండి. గోళ్లకి ముదురు రంగు తీసేయండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు అసలే వద్దు, ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

మోషి తెలుగు
కొండ కింద నుంచి డబ్బు లెక్క చెబుతాను. విదేశీయులకి పార్కు రుసుము రోజుకి 70 డాలర్లు, టెంటు రాత్రికి 50, మరంగు హట్టుకైతే 60, రక్షణ (రెస్క్యూ) రుసుము ఒక్కసారి 20, వీటన్నిటి మీద 18 శాతం పన్ను. రేట్లు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఇంకోసారి చూసుకోండి. ఈ లెక్కన మనిషికి పార్కుకే కట్టేది: 5 రోజుల మరంగు 720, 6 రోజుల మరంగు 873, 7 రోజుల మచామే 956, 8 రోజుల లెమోషో 1,097.

ఇప్పుడు ఎవరైనా 7 రోజుల మచామే 1,300 డాలర్లకే ఇస్తామంటే, 956 పార్కుకి పోను మిగిలేది 344. అందులోనే గైడు, వంటవాడు, ఒక్కో యాత్రికుడికి ముగ్గురు దాకా పోర్టర్లు, ఏడు రోజుల తిండి, బండి. ఇది కుదరదు. కోత పడేది పోర్టర్ల కూలీ మీద, వాళ్ల భోజనం మీద, ఆక్సిజన్ సిలిండర్ మీద. పోర్టరు మోయాల్సింది 20 కిలోలకు మించకూడదు, గేటు దగ్గర తూకం వేస్తారు. మీ సంచీ 15 కిలోల లోపు ఉండాలి. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ భాగస్వాముల జాబితాలో ఆ ఏజెన్సీ పేరుందో లేదో మొదట చూడండి. తర్వాతే బేరం.

వాన సంగతి భువనగిరి గారు చెప్పలేదు. మార్చి మధ్య నుంచి మే దాకా, మళ్లీ నవంబర్లో వానలు. అప్పుడైతే హట్టులు వరమే. జనవరి చివరికి ఆ లాభం పెద్దగా ఉండదు.

తిరుపతి మెట్లు
మూడో దారి ఒకటుంది. ముందు పక్కనున్న మేరు అగ్నిపర్వతం, 4,566 మీటర్లు, నాలుగు రోజుల్లో ఎక్కి, ఒక రోజు ఆగి, తర్వాత 6 రోజుల మరంగు. మేరులో పడుకోవడానికి గుడిసెలున్నాయి, అడవి దున్నలుంటాయి కాబట్టి తుపాకీ రేంజర్ వెంట వస్తాడు. ఒళ్లు ముందే అలవాటు పడుతుంది.

నల్లమల నడక
మంచి కొండే. కానీ మిరియకాంబా 2,514, శాడిల్ హట్ 3,570, మళ్లీ దిగుతూ మిరియకాంబా. మూడు వేలు దాటి పడుకునేది ఒక్క రాత్రి. ఆ రోజుల్నే కిలిమంజారోలో పెడితే 3,800కి పైన నాలుగు రాత్రులు దొరుకుతాయి. పైగా 12 రోజుల సెలవులో ప్రయాణాలు పోను రెండు కొండలు ఇమడవు.

తిరుపతి మెట్లు
12 రోజుల మాట గమనించలేదు, నిజమే. వాళ్లకైతే వెనక్కి తీసుకుంటా. మూడు వారాలున్నవాళ్లకి మాత్రం మేరు తర్వాత కిలిమంజారోయే మేలు.

సాధనకి మన దగ్గర అలిపిరి 3,550 మెట్లు చాలు. వారానికోసారి 6 కిలోల సంచీతో ఎక్కి, బస్సెక్కకుండా దిగండి కూడా. తొడ ముందు కండరం దిగుడులోనే గట్టిపడుతుంది, మ్వెకా దారిలో ఏడిపించేది అదే. ఎత్తు అలవాటు మాత్రం మెట్లతో రాదు.

కృష్ణా తీరం
శిఖరం దాకా వెళ్లి అగ్నిబిలం చూడకుండా రావాలా? లోపల గంధకం పొగలు వస్తాయంటారు.

భువనగిరి రాయి
కిబో, అంటే కిలిమంజారో ప్రధాన శిఖరం, నిద్రపోతున్న అగ్నిపర్వతం. లోపలి రోయిష్ బిలం దగ్గర గంధకపు ఆవిర్లు నిజమే. కానీ అక్కడ శిబిరం 5,700 మీటర్ల ఎత్తులో. ఎవరికైనా జబ్బు చేస్తే దించడానికి ముందు మళ్లీ బిలం అంచుదాకా పైకి ఎక్కించాలి. ఇక ఆ బిలంలోకి ఎక్కే వెస్టర్న్ బ్రీచ్ దారిలో మంచు కరిగి పట్టు సడలిన రాళ్లు దొర్లుతాయి, 2006 జనవరిలో ముగ్గురు చనిపోయింది అలాగే. మొదటిసారి వెళ్లేవాళ్లకి రెండూ వద్దు.

మోషి తెలుగు
శిఖరం రాత్రి మైనస్ 10 నుంచి 20 దాకా పోతుంది. ఎక్కువమందికి ముందుగా మొరాయించేది వీపున ఉన్న నీళ్ల సంచీ నుంచి తాగే గొట్టం. గుక్క తాగాక గొట్టంలోకి ఊది నీటిని సంచీలోకి వెనక్కి తోయకపోతే అరగంటలో గడ్డ కడుతుంది. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడులో దూర్చి, తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు తెరుచుకుంటుంది. వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పార్కులోకి రానివ్వరు. ప్లాస్టిక్ సంచులు 2019 నుంచి దేశమంతా నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఆవకాయ తెచ్చుకోండి గానీ 4,000 దాటాక నూనె కడుపుకి పడదు. కారప్పొడి, జావ నయం.

గోదారి గట్టు
అందరికీ దండాలు. 8 రోజుల లెమోషోకి ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయనకి మోకాలి నొప్పి ఉంది, 6 రోజుల మరంగే అంటున్నారు. విడిపోయి వెళ్లొచ్చా?

భువనగిరి రాయి
వెళ్లొచ్చు. వేర్వేరు గైడ్లు కావాలి, ఖర్చు కాస్త పెరుగుతుంది. ఆయన హోరోంబోలో ఇంకో రోజు కలుపుకుని 7 చేసుకుంటే ఇంకా మంచిది.

మోషి తెలుగు
అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వస్తే తిరిగి ఇండియాలో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు అడగొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే తేదీ చూసుకోండి. ఎక్కే రోజుకి ముందు కొండ కింది ఊరు మోషిలో ఒక రోజు ఖాళీ ఉంచండి, సామాను ఒక విమానం వెనకబడటం మామూలే. కోటు, కర్రలు, స్లీపింగ్ బ్యాగు ఇక్కడ అద్దెకు దొరుకుతాయి. మీ పాదానికి అలవాటైన బూట్లు మాత్రం దొరకవు, అవి కాళ్లకే వేసుకుని విమానం ఎక్కండి.